సోషల్ టీచర్ కాబోతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కోనసీమ నుంచి బహిరంగ లేఖ

ప్రియమైన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ,

వచ్చే డీఎస్సీ ఎప్పుడు పడుద్దా అని ఎదురుచూస్తా రూముల్లో బిట్లు తిరగేస్తున్నోళ్ళకి, బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌లో ఉన్నోళ్ళకి, మెగా డీఎస్సీలో ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్) సోషల్ కొట్టి కొత్తగా బళ్ళోకి అడుగెట్టినోళ్ళకి, అందరికీ కలిపే రాస్తున్నాను. నేను గోదారి పాయ వైనతేయ గట్టు పక్కన ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిది, పది కూడా ఉన్నాయి గానీ నా మనసంతా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మీదే ఉంటది. ఎందుకంటే ఆ మూడేళ్ళలోనే పిల్లలు చరిత్రని ఇష్టపడటమో, జన్మలో దాని మొహం చూడకూడదనుకోవడమో జరిగిపోద్ది, ఆ తర్వాత మనం ఎంత మొత్తుకున్నా పెద్దగా మారదు.

ముందు నా సంగతి చెప్తాను, లేకపోతే ఈవిడెవరు మాకు చెప్పడానికి అనుకుంటారు. నేను బీఏ హెచ్ఈపీ, అంటే చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్. మా టైంలో బీఈడీ ఒక్క సంవత్సరమే, 2015 నుంచి రెండేళ్ళు చేసేరు. 2014 డీఎస్సీ రాసి ఒకటిన్నర మార్కులో పోగొట్టుకున్నాను, ఆ రోజు మా అమ్మ నాకు కనపడకుండా పెరట్లో కూర్చుని ఏడ్చింది. తర్వాత మూడేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చేసేను. అక్కడ పరీక్షలు దగ్గరపడితే ముందు తీసేసేది సోషల్ పీరియడే, ఆ గంట లెక్కల మాస్టారికి ఇచ్చేసి నన్ను వెనక కూర్చుని పేపర్లు దిద్దమనేవారు. చరిత్రంటే చివరి నెలలో బట్టీ పట్టించేస్తే సరిపోద్దని ఆ మేనేజ్‌మెంట్ నమ్మకం. నాకు బాధనిపించేది గానీ గట్టిగా అడగలేకపోయేదాన్ని, ఎందుకంటే నేను కూడా అప్పటికి చరిత్రంటే బట్టీయే అనుకునేదాన్ని, లోపల్లోపల. 2018 డీఎస్సీలో వచ్చింది. నా వెనకోళ్ళు మళ్ళీ డీఎస్సీ రాయడానికి 2025 దాకా ఆగాల్సొచ్చింది, ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో వయసైపోయినోళ్ళు, పెళ్ళిళ్ళై పుస్తకాలు అటకెక్కించినోళ్ళు, వేరే పనుల్లోకి ఎల్లిపోయినోళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. కాబట్టి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడినప్పుడు మీరు ఎంత కసిగా చదివేరో నాకు తెలుసు, ఆ కష్టాన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా ఈ ఉత్తరంలో ఉండదు.

ఎస్ఏ పేపరు 80 మార్కులు, 160 బిట్లు, బిట్టుకి అరమార్కు. అందులో కంటెంట్ 40, మెథడాలజీ 20, మిగతాది జీకే, పర్‌స్పెక్టివ్స్, సైకాలజీ. దానికి టెట్ వెయిటేజీ 20 కలుస్తుంది. అరమార్కులో జిల్లా ర్యాంకు ఎన్ని మెట్లు కిందకి జారిపోద్దో రాసినోళ్ళకే తెలుసు. అందుకే బిట్లు చదవొద్దని నేను చస్తే అనను, చదవండి, ఇంకా ఎక్కువ చదవండి, ఉద్యోగం రాకుండా మిగతాదేదీ లేదు. కానీ ఆ పరీక్ష మనల్ని ఎప్పుడు, ఎవరు, ఎక్కడ అని అడుగుద్ది. క్లాసులో పిల్లలు అడిగేది వేరే. దానికి నన్ను ఎవరూ తయారు చెయ్యలేదు, మీరైనా తయారయ్యి వెళ్ళాలని ఇదంతా రాస్తున్నాను.

నేను జాయినైన మొదటి నెల. ఎనిమిదో తరగతి. కంపెనీ పాలన పాఠం చెప్తా మన డెల్టా సంగతి ఎత్తేను, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టేడు, 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసేడు అని బోర్డు మీద రాసేను. రెండో బెంచీలో కూర్చునే ఒక పిల్ల లేచింది, సన్నగా, రెండు జడలు, చేతిలో మూత పోయిన పెన్ను. "టీచరుగారండీ, ఆయనొక్కడే కట్టేడాండీ?" అంది. కాదమ్మా, కూలీలు చాలామంది పనిచేసేరు అన్నాను. "వాళ్ళెవరండి? ఏ ఊరోళ్ళండి?" అంది. తెలీదమ్మా అన్నాను. "మరి ఆయన కట్టేడని మనకెలా తెలుసండి?" పుస్తకంలో ఉంది కదా అన్నాను. "పుస్తకం రాసినోళ్ళకి ఎలా తెలుసండి?" అంది. క్లాసంతా గొల్లుమంది. నేను ఆ పిల్లని కూర్చోమన్నాను. ఆ పిల్ల కూర్చుంది, పెన్ను కేసి చూసుకుంటా ఆ పీరియడంతా మళ్ళీ తలెత్తలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాటన్ దొర పుట్టింది 1803 అని చెప్పగలను, పోయింది 1899 అని చెప్పగలను, ఆయన గురించి పది బిట్లు నిద్రలో అడిగినా పెట్టగలను. కానీ మనకెలా తెలుసు అంటే నా దగ్గర జవాబు లేదు. బీఈడీలో మైక్రో టీచింగ్ చేసేను, లెసన్ ప్లాన్లు రాసేను, అబ్జర్వేషన్ రికార్డు నింపేను, చార్టులకి రంగులేసేను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆదివారం బస్సెక్కి ధవళేశ్వరం ఎల్లేను. చిన్నప్పుడు పుష్కరాలకి ఎల్లినప్పుడు ఆ దారినే ఎల్లేం గానీ కాటన్ మ్యూజియంలోకి ఎప్పుడూ అడుగెట్టలేదు. ఆనకట్ట నమూనాలు, పాత బొమ్మలు, అప్పటి సామాను చూసుకుంటా పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఉండిపోయేను. తర్వాత దొరికిన పుస్తకాలు చదివేను. 1833 ప్రాంతంలో మన వైపు ఎంత కరువొచ్చిందో, 1839లో కోరంగి దగ్గర ఉప్పెన ఎలా ముంచేసిందో, 1844లో కాటన్ గోదారి మీద ఆనకట్ట కట్టాలని ఎందుకు రిపోర్టు రాసేడో, నీళ్ళిస్తే శిస్తు పెరుగుద్దని కంపెనీని ఎలా ఒప్పించాల్సొచ్చిందో. వీణం వీరన్న గారి గురించి కూడా అప్పుడే తెలిసింది. కాటన్ దగ్గర ఉండి కూలీల్ని పోగుచేసి పని నడిపించినాయన, మన తెలుగాయన, తర్వాత రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చేరు. ఊరూరా కాటన్ విగ్రహం ఉన్న డెల్టాలో పుట్టి పెరిగి సోషల్ టీచరునయ్యాక గానీ నాకు వీరన్న గారి పేరు తెలీలేదు. ఇంక మట్టి మోసినోళ్ళ పేర్లు నాకెక్కడా దొరకలేదు.

సోమవారం క్లాసుకెళ్ళి ముందు ఆ పిల్లకి అందరి ముందూ చెప్పేను, నువ్వడిగింది మంచి ప్రశ్న, నాకు తెలీక నిన్ను కూర్చోబెట్టేను అని. తర్వాత బోర్డు మీద మూడు గళ్ళు గీసేను. ఒకదాని మీద రాసున్నది, ఇంకోదాని మీద చూసింది, మూడోదాని మీద విన్నది అని రాసేను. ఆనకట్ట గురించి మీకు తెలిసిందంతా చెప్పండి, ఏది ఏ గడిలో పెట్టాలో కూడా మీరే చెప్పండి అన్నాను. 1847, 1852 అనేవి రాసున్నదాంట్లోకి ఎల్లేయి. కాలవ, లాకులు, లాకుల గోడకున్న నల్లరాళ్ళు చూసినదాంట్లోకి ఎల్లేయి. అప్పుడొక పిల్లోడు మా ముత్తాత తాత ఆనకట్టకి మట్టి మోసేడంటండీ, మా తాత చెప్పేడు అన్నాడు. అది విన్నదాంట్లో రాసేను. వాడి మొహం వెలిగిపోయింది, వాళ్ళింటి మాట బోర్డెక్కింది కదా.

ఇక్కడొక చిన్న మాట మీద మీ చెయ్యి పట్టుకుని ఆపుతున్నాను. మన తెలుగులో "అంట" ఉంది చూడండి. వచ్చేడు అంటే చూసేను అని. వచ్చేడంట అంటే ఎవరో చెప్తే విన్నాను అని. చదువు రాని ముసలమ్మ కూడా ఈ తేడా పొరపాటున కూడా తప్పదు. మన పిల్లలు నాలుగేళ్ళకే దీన్ని సరిగ్గా వాడతారు. చరిత్ర టీచరు నేర్పాల్సిన అసలు విద్య వాళ్ళ నోట్లో ముందే ఉంది, మనం దాన్ని బయటకి తియ్యాలంతే. అప్పట్నించీ మా క్లాసులో రూలు, విన్న మాట తప్పు కాదు, దాన్ని పారెయ్యకూడదు, కానీ "అంట" తీసేసి చెప్పకూడదు. ఎవరైనా "అంట" మింగేసి చెప్తే మిగతా పిల్లలు ఒకేసారి "అంటా?" అని అరుస్తారు. వాట్సాప్‌లో వచ్చిన చరిత్ర కూడా తెస్తారు, ఫలానా రాజు అంత గొప్పోడు, ఫలానావాళ్ళు ఇంత దుర్మార్గులు అని. నేను కొట్టిపారెయ్యను, ఏ గడిలో పెడదాం చెప్పండి అంటాను. సగం మెసేజీలు మూడోగడిలో కూడా నిలబడవు, ఎవరు చెప్పేరో కూడా తెలీదు కాబట్టి.

గన్నవరం అక్విడెక్టు సంగతి చెప్తాను. పి.గన్నవరం దగ్గర కింద వైనతేయ, పైన కాలవ, ఏటి మీంచి కాలవని దాటించిన కట్టడం, ఆనకట్ట కాలంలోదే. ఇప్పుడు నీళ్ళు పక్కనున్న కొత్తదాని మీంచి ఎల్తున్నాయి, దానికి డొక్కా సీతమ్మ గారి పేరెట్టేరు. ఏడో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళి మూడు జట్లు చేసి పాతదానికి ఎన్ని ఆర్చీలున్నాయో లెక్కెట్టమన్నాను. ఒక జట్టు 47 అంది, ఇంకో జట్టు 49, మూడోది 50. పోట్లాట మొదలైంది, మీరు కళ్ళు మూసుకుని లెక్కెట్టేరంటే మీరు లెక్కెట్టేరని. నేనేం చెప్పలేదు. కాసేపటికి ఒక పిల్ల తనంతట తనే ఉపాయం చెప్పింది, ఆర్చీకో గులకరాయి జేబులో ఏసుకుందాం అని. మూడు జట్లూ మళ్ళీ నడిచేయి. చివర్న పొదల చాటున ఉన్న రెండూ 47 వాళ్ళకి కనపడలేదు, 50 వాళ్ళు మొదట్లో ఒకదాన్ని రెండుసార్లు లెక్కెట్టేరు. జేబుల్లోంచి రాళ్ళు తీసి ఇసకలో వరసగా పేర్చేరు, 49. అప్పుడు చెప్పేను, పాత రికార్డుల్లో కూడా 49 అనే ఉందని. వాళ్ళ అరుపులకి ఏట్లో పడవాయన తిరిగి చూసేడు. ఆ వారం సోర్సెస్ ఆఫ్ హిస్టరీ, అంటే చరిత్రకి ఆధారాలు, అని విడిగా పాఠం చెప్పాల్సిన పనే లేకపోయింది.

అదే రోజు తిరిగొస్తా బస్సులో సీతమ్మ గారి గురించి చెప్పేను. మధ్యాహ్నం బళ్ళో తినే భోజనం పథకానికి ఆవిడ పేరే ఉంది, రోజూ తింటారు, ఎవరావిడ అంటే ఒక్కళ్ళకీ తెలీదు. ఇదే గన్నవరం దగ్గర లంకల గన్నవరంలో ఉండి ఏ వేళొచ్చినా ఎవరొచ్చినా అన్నం పెట్టిన మనిషి, 1909లో పోయేరు. మర్నాడు భోజనాల దగ్గర పిల్లలు బోర్డు మీది పేరు చదువుకుని తినడం చూసేను.

మన డెల్టాలో పాఠం లేని ఊరు లేదండి, నిజంగా చెప్తున్నాను. ఆరో తరగతిలో బుద్ధుడు, అశోకుడు వస్తారు, పుస్తకంలో సాంచీ బొమ్మ ఉంటది, ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకున్న పెద్ద టచ్ స్క్రీన్) మీద వీడియో కూడా ఏసి చూపించొచ్చు, మంచిదే. కానీ మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం మన కళ్ళ ముందే ఉంది. నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగే పిల్లలు ఎంతమందో, ఆ మాధవాయిపాలెంలో నేసిన సన్నటి నూలు గుడ్డ ఇంగ్లీషోళ్ళ ఓడల్లో ఎల్లి ఊరి పేరే గుడ్డకి పేరైపోయింది, మడపోలం అని ఇంగ్లీషు డిక్షనరీలో ఇప్పటికీ ఉంది. కంపెనీ ఈ దేశానికి ఎందుకొచ్చిందో చెప్పడానికి ఆ రేవు కంటే మంచి చోటేముంది. కోరంగి నించి బర్మా ఎల్లినోళ్ళు ఎంతమందంటే అక్కడ తెలుగోళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారు. యానాం వంతెన దాటితే పోలీసోళ్ళ టోపీ ఎర్రగా ఎందుకు మారిపోద్దని ఒకడు అడిగేడు, అక్కణ్ణించి ఫ్రెంచోళ్ళ దగ్గరకి, 1954 దాకా ఎల్లిపోయేం. కాకినాడ కోటిపల్లి రైలుమార్గం 1928లో ఏసి, రెండో ప్రపంచయుద్ధంలో 1940లో పట్టాలు పీకేసేరు, మళ్ళీ 2004 దాకా రైలు లేదు. యుద్ధం ఎక్కడో యూరప్‌లో జరిగితే మన కోటిపల్లి పట్టాలు ఎందుకు లేచిపోయేయి అని అడగండి, పదో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మా అమ్మ నా చిన్నప్పట్నించీ లేసు అల్లేది, ఆ పని మిషనరీల దగ్గర్నించి మన ఆడోళ్ళ చేతుల్లోకి ఎలా వచ్చిందో నేను టీచరునయ్యాక చదివి అమ్మకే చెప్పేను. అమ్మ సూది ఆపి కాసేపు ఆ దారం కేసి చూసింది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్తాను, మీరు చెయ్యకూడదని. ఇంట్లో పెద్దోళ్ళని అడిగి రాసుకురండి అనే హోంవర్కు నాకు బాగా ఇష్టం. 1986 ఆగస్టు గోదారి వరద గురించి రాయమంటే అద్భుతంగా రాసుకొచ్చేరు. ఒకడు వాళ్ళ పాత ఇంటి గోడ మీద వాళ్ళ తాత మేకుతో గీసిన నీటి గీతని దారంతో కొలుచుకొచ్చేడు, ఆ దారం బోర్డు పక్కన వేలాడేసి నించుంటే నా భుజం దాటింది. ఆ ఊపులో 1996 నవంబరు 6 తుఫాను గురించి కూడా రాయమన్నాను. అందరూ రాసేరు, ఒక పిల్లోడు ఖాళీ కాయితం ఇచ్చేడు. బద్ధకం అనుకుని గట్టిగానే అన్నాను. సాయంత్రం వాళ్ళమ్మ బడికొచ్చింది, గేటు దగ్గరే నించుని నెమ్మదిగా చెప్పింది. ఆ రాత్రి వాళ్ళ పెదనాన్న సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు, ఆ మాటెత్తితే వాళ్ళ నాయనమ్మ ఇప్పటికీ అన్నం ముట్టదు, అందుకని పిల్లోడు అడగలేదు టీచరుగారూ అంది. నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆ ఆదివారం వాళ్ళింటికి ఎల్లేను. నాయనమ్మ పక్కన కూర్చుని ఏమీ అడగకుండా టీ తాగి వచ్చేసేను. మూడోసారి ఎల్లినప్పుడు ఆవిడే చెప్పింది, నేను కాయితం తియ్యలేదు.

పుస్తకంలో తారీకు దాటితే అయిపోయినట్టే. ఇళ్ళల్లో అలా అవ్వదు. కాబట్టి ఇంటి చరిత్ర అడిగించేటప్పుడు చెప్పాలనుంటేనే రాయండి, లేకపోతే వేరేది రాయండి అని ముందే చెప్పండి. ఖాళీ కాయితం ఇచ్చినోణ్ణి తిట్టకండి, తర్వాత పక్కకి పిలిచి ఏరా నాన్నా అనండి చాలు.

కులం సంగతి కూడా ఇలాంటిదే, ఇంకా బరువైంది. ఆరో తరగతిలో వర్ణాలు అనే మాట రాగానే క్లాసులో ఒక రకమైన నిశ్శబ్దం పడుద్ది. పేట పిల్లలూ ఊళ్ళో పిల్లలూ ఒకే బెంచీ మీద ఉంటారు, పదకొండేళ్ళే అయినా ఎవరిది ఏ వీధో ఎవరింట్లో ఎవరు పనిచేస్తారో అందరికీ తెలుసు. కొంతమంది టీచర్లు ఆ పేజీ గబగబా చదివించేసి దాటేస్తారు, గొడవెందుకని. నాకు అర్థమవుద్ది, కానీ ఒప్పుకోను. మనం దాటేస్తే ఆ పిల్లలకి ఏం అర్థమవుద్దంటే, మన బతుకు గురించి బళ్ళో మాట్లాడకూడదు అని. అలాగని ఏ పిల్లనీ లేపి మీ ఇంట్లో ఎలా ఉండేదో చెప్పమ్మా అనకండి, ఎప్పుడూ అనకండి, అంతకంటే అవమానం ఇంకోటి లేదు. నేనేం చేస్తానంటే నీళ్ళ గురించి అడుగుతాను. మంచినీళ్ళ చెరువులో ఎవరు ముంచుకునేవారు, ఎవరు గట్టు మీద ఆగిపోయేవారు, ఆ రూలు ఎవరెట్టేరు, ఎవరు తీసేసేరు. అంబేద్కర్ గారు మహారాష్ట్రలో చేసిన మహద్ చెరువు సత్యాగ్రహం, 1927, అక్కడికి తీసుకెళ్తాను. ఆయన పేరు మన జిల్లా పేరులోనే ఉంది, బస్సుల మీద, ఆఫీసు బోర్డుల మీద రోజూ చదువుతారు, ఆ మనిషి చెరువు దగ్గరకి ఎందుకు నడిచేడో ఆరో తరగతి పిల్లకి తెలియాలి. రూలు తప్పా, మనుషులు తప్పా అని ఒక పిల్ల అడిగింది. దాని మీద రెండు పీరియడ్లు పోయేయి, సిలబస్ వెనకబడింది, నేను బాధపడలేదు.

సిలబస్ ఎప్పుడు అవ్వాలండి మరి అంటారు, తెలుసు. ఎఫ్ఏలనే చిన్న పరీక్షలు, టర్ము చివరి సమ్మేటివ్‌లు, యాప్‌లో అటెండెన్సు, కాంప్లెక్స్ మీటింగులు, పదో తరగతికి స్టడీ అవర్లు, ఇవన్నీ నాకూ ఉన్నాయి. నెలకి ఒక్క పాఠం ఇలా చెప్పండి చాలు, మిగతావి మామూలుగానే చెప్పండి. ఆ ఒక్కటి పిల్లల్ని మిగతా పాఠాల్లో కూడా ప్రశ్నలడిగేలా చేస్తుంది, అప్పుడు అవి తొందరగానే అయిపోతాయి, ఇది నేను ఏళ్ళ తరబడి చూసిన సంగతి. మీ పీరియడు ఇంకో సబ్జెక్టుకి తీసుకుంటామంటే మాత్రం నాలాగా వెనక కూర్చుని పేపర్లు దిద్దకండి. హెచ్చెమ్ గారి దగ్గరకెళ్ళి మర్యాదగానే తిరిగి అడగండి. పిల్లల ముందు మన సబ్జెక్టుని మనమే వదిలేస్తే దాన్ని వాళ్ళెందుకు పట్టుకుంటారు.

బీఈడీలో ఉన్న మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినప్పుడు అక్కడి ట్రైనింగ్ కాలేజీలో టీచరవ్వడానికి చదువుతున్న కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకెళ్ళేరు. కాలేజీలోంచి పంపేసేరు. అందులో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారొకరు. సర్కారు ఉద్యోగం దారి మూసుకుపోయింది, ఆయన పత్రిక నడిపేరు, మరుసటి సంవత్సరమే జైలుకెళ్ళేరు, తర్వాత చాలా ఏళ్ళు పెద్దోళ్ళకి చదువు చెప్పడానికి తిరిగేరు. అంటే బడి దక్కకపోయినా టీచరుగానే బతికేరు. మీరు టీచింగ్ ప్రాక్టీస్‌కి ఎల్లే ఊళ్ళ పక్కనే జరిగిన సంగతిది. ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ గారు సహాయ నిరాకరణలో జైలుకెళ్ళినావిడ, అటు వైపు పోస్టింగ్ వచ్చినోళ్ళు ఆవిడ పేరుతోనే పాఠం మొదలెట్టొచ్చు. భీమవరం వైపోళ్ళకి చెప్పక్కర్లేదు, గుజరాత్‌లో రైతులు పన్ను కట్టమని తిరగబడ్డ బార్డోలీ పేరు మీద రెండో బార్డోలీ అనిపించుకున్న ఊరది.

చివరగా ఒక కోరిక. పోస్టింగ్ వచ్చిన ఊళ్ళో మొదటి నెల సాయంత్రాలు నడవండి. గుడి స్తంభం మీద రాతలున్నాయేమో చూడండి, లాకుల మీద ఏ సంవత్సరం చెక్కేరో చూడండి, రేవులో కూర్చునే ముసలోళ్ళతో మాట్లాడండి, మీకంటే ముందు అక్కడ చేసి రిటైరైన మాస్టారు ఎవరైనా ఉంటే ఇంటికెళ్ళి దణ్ణం పెట్టుకుని అడగండి. ఒక లాంగ్‌నోటు పుస్తకం పెట్టుకుని అదే మూడు గళ్ళు గీసుకుని రాయండి. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఆ పుస్తకం మీతో తీసుకెళ్ళిపోకండి, తర్వాత వచ్చే సోషల్ టీచరుకి ఇచ్చెయ్యండి. నా దగ్గర ఇప్పటికి రెండు పుస్తకాలైనాయి. మొదటిదాని మొదటి పేజీలో ఆ రెండు జడల పిల్ల ప్రశ్నే ఉంది, తన చేతిరాతతోనే, నేనే రాయించుకున్నాను. మట్టి మోసినోళ్ళ పేర్ల కోసం దాని కింద ఒక పేజీ ఖాళీగా ఉంచేను. ఇప్పటికి నాలుగు పేర్లొచ్చేయి, నాలుగింటి పక్కనా "అంట" అనే ఉంది.

వచ్చే రెండో శనివారం ఆరో తరగతి పిల్లల్ని ఆదుర్రు తీసుకెళ్తున్నాం. చుట్టుపక్కల ఉన్నోళ్ళు ఎవరైనా వస్తానంటే రండి, ప్రిపరేషన్‌లో ఉన్నా ఒక్క పూటే. మామిడికుదురులో దిగితే ఆటోలుంటాయి. తొమ్మిదింటికల్లా స్తూపం దగ్గరుంటాం. మంచినీళ్ళ సీసా, టోపీ తెచ్చుకోండి, ఎండ గట్టిగా ఉంటది. పిల్లలు మిమ్మల్ని ఎలా తెలుసండీ అని అడుగుతారు, ముందే చెప్తున్నాను.

ఇట్లు
మీ అక్క,
ఒక సోషల్ టీచరు, కోనసీమ